కారు వేడెక్కితే స్కానర్‌లో ఏం చూడాలి

ఎండాకాలం వచ్చిందంటే మా బంధువుల్లోనో మిత్రుల్లోనో ఎవరో ఒకరి కారు వేడెక్కుతోందన్న కబురు వస్తుంది. ఆ తరువాత జరిగే తతంగం కూడా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ముందు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మారుస్తారు, తగ్గకపోతే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని కవాటం) మారుస్తారు, అప్పటికీ తగ్గకపోతే వాటర్ పంపు, ఆపైన రేడియేటర్. ఈ వరుసలో ఎక్కడో ఒకచోట అసలు చెడిన భాగం తగులుతుంది కాబట్టి బండి బాగుపడుతుంది గానీ, ఆలోగా యజమాని చెడని భాగాలకు కూడా డబ్బు కట్టి ఉంటాడు. కారులోని ఓబీడీ (లోపాలను కారే గమనించుకునే ఏర్పాటు) వివరాలను ఫోనుకు చేర్చే చిన్న అడాప్టరు ఒకటి, ఫోనులో ఒక యాప్ ఉంటే ఈ వృథా ఖర్చులో చాలా భాగాన్ని తప్పించుకోవచ్చునని నా గట్టి నమ్మకం. అయితే ఫాల్ట్ కోడ్ (కారు కంప్యూటర్ పట్టుకున్న లోపానికి ఇచ్చే గుర్తు) చదివి అక్కడితో ఆగిపోతే మాత్రం ప్రయోజనం తక్కువ. ఎందుకంటే, మూసుకుపోయిన రేడియేటర్‌కు, అరిగిపోయిన పంపు రెక్కలకు కోడ్ ఉండదు. వేడెక్కే కార్లలో చాలావాటిని స్కాన్ చేస్తే ‘లోపాలేవీ లేవు’ అనే వస్తుంది.

దీనికి కారణం ఓబీడీ పుట్టుకలోనే ఉంది. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి అయిన ఓబీడీ-2, మన దేశంలో బీఎస్-4 (పొగ నియంత్రణ ప్రమాణం) కార్లకు 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది. దాని మొదటి ఉద్దేశం పొగను అదుపులో ఉంచడం. ఇంజిన్ వేడిని బట్టి పెట్రోలు పాళ్లు మారతాయి కాబట్టి కూలెంట్ ఉష్ణోగ్రతను అన్ని కార్లూ చూపాల్సిన ప్రామాణిక జాబితాలో చేర్చారు గానీ, రేడియేటర్ ఫ్యాను తిరుగుతోందా లేదా అన్నది అందులో లేదు. ఫ్యాను సంగతి తెలియాలంటే ఆయా కంపెనీల సొంత డేటాను చదవగల సాఫ్ట్‌వేర్ కావాలి. ఫోర్డ్ కార్లకు ఫోర్‌స్కాన్; ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లకు వీసీడీఎస్ అలాంటివి. మిగతా కార్లకు మెకానిక్కుల దగ్గర ఉండే అన్ని బ్రాండ్ల స్కానర్లు గానీ, కంపెనీ వివరాలను కూడా చదవగల ‘కార్ స్కానర్’ వంటి యాప్‌లు గానీ పనికొస్తాయి.

అడాప్టరు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. మార్కెట్లో దొరికే చవక అడాప్టర్లలో ఎక్కువ భాగం ఈఎల్ఎం327 అనే చిప్‌కు నకళ్లు. వాటి వేగం తక్కువ కాబట్టి యాప్‌లో ఉన్న మీటర్లన్నీ తెరపై పరిస్తే ఒక్కో అంకె ఎప్పటికో గానీ మారదు. కూలెంట్ ఉష్ణోగ్రత, ఇంజిన్ ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు), బండి వేగం, ఇంజిన్ లోడ్ (ఇంజిన్ మీద పడే భారం), వోల్టేజీ మాత్రమే ఎంచుకుని గ్రాఫుగా రికార్డు చేసుకుంటే, చవక అడాప్టరు కూడా ఈ పనికి చాలినంత సాయం చేస్తుంది.

తెర మీద కనిపించే అంకె ఎలా వస్తుందో ఒకసారి చూడడం మంచిది. యాప్ 01 05 అని అడుగుతుంది, ఇంజిన్ కంప్యూటర్ 41 05 87 అని జవాబిస్తుంది. చివరి 87 పదహారు ఆధారంగా రాసిన సంఖ్య. మామూలు లెక్కలో అది 135. అందులోంచి 40 తీసేస్తే 95 డిగ్రీల సెల్సియస్. ఈ పద్ధతిలో చూపగల అతి తక్కువ అంకె మైనస్ 40, అతి ఎక్కువ 215. కాబట్టి మే నెలలో, విజయవాడలో నిలబడి ఉన్న కారు కూలెంట్ మైనస్ 40 డిగ్రీలని చెబితే సెన్సరు ప్లగ్గు ఊడిపోయిందనో, వైరు తెగిందనో వెంటనే గ్రహించవచ్చు. వేడి పెరిగే కొద్దీ విద్యుత్ నిరోధం తగ్గే రకం సెన్సరు అది. వైరు తెగితే నిరోధం అనంతమవుతుంది, కంప్యూటర్ దాన్ని గడ్డకట్టే చలిగా అర్థం చేసుకుంటుంది. అలాంటప్పుడు పీ0118 అనే కోడ్ వస్తుంది, చాలా కార్లలో తాళం తిప్పగానే ఫ్యాను ఆగకుండా తిరగడం మొదలుపెడుతుంది. సెన్సరు వైరు షార్టయితే దీనికి సరిగ్గా వ్యతిరేకంగా చాలా పెద్ద అంకె కనిపిస్తుంది, కోడ్ పీ0117 అవుతుంది.

సెన్సరు పూర్తిగా చెడకుండా కొంచెం అబద్ధం చెబుతుంటే పట్టుకోవడానికి తెల్లవారుజామును మించిన సమయం లేదు. రాత్రంతా నిలిపి ఉంచిన కారులో, స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పి, కూలెంట్ ఉష్ణోగ్రతను, ఇంజిన్ లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రతను పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ బయటి వాతావరణానికి దగ్గరగా, ఒకదానికొకటి రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. గాలి 29 అని, కూలెంట్ 41 అని చూపిస్తే, ఆ తరువాత చూడబోయే గ్రాఫులన్నీ అనుమానించదగినవే. నిమిషం కూడా పట్టని ఈ పరీక్షను నేను ఏ కారుకూ వదిలిపెట్టను, ఎందుకంటే తరువాతి తీర్పులన్నీ ఆ సెన్సరు మాట మీదే ఆధారపడి ఉంటాయి.

ఆ తరువాత స్టార్టు చేసి గ్రాఫును గమనించాలి. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో ఉష్ణోగ్రత ఎక్కడా ఆగకుండా ఏటవాలుగా పైకెక్కి, థర్మోస్టాట్ తెరుచుకునే చోట, అంటే చాలా కార్లలో 82 నుంచి 88 డిగ్రీల మధ్య, చిన్నగా తలవంచి మళ్లీ నిలదొక్కుకుంటుంది. రేడియేటర్‌లో ఉన్న చల్లని కూలెంట్ మొదటిసారి ఇంజిన్‌లోకి రావడం వల్ల ఆ వంపు వస్తుంది. అది కనిపించిందంటే థర్మోస్టాట్ తెరుచుకుందని నమ్మవచ్చు. వంపు లేకుండా గ్రాఫు నూరు దాటిపోతూ, రేడియేటర్ కింది హోస్ పైపు మాత్రం చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకుని ఉండిపోయిందనో, పంపు కూలెంట్‌ను తిప్పడం లేదనో అనుకోవాలి. గ్రాఫు డెబ్బై దగ్గరే నీరసంగా ఆగిపోయి, బండి రోడ్డెక్కి వేగం అందుకోగానే ఇంకా కిందికి జారితే, థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయిందన్న మాట. పీ0128 అనే కోడ్ దాని కోసమే ఉంది.

ఇక్కడ నాకు బాధ కలిగించే అలవాటు ఒకటి చెప్పాలి. మన దగ్గర ఎన్నో షెడ్లలో ‘మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకండీ’ అంటూ దాన్ని తీసి పక్కన పడేస్తారు. అలా తీసేసిన కారును హైవే మీద గ్రాఫు పెట్టి చూస్తే, శీతాకాలపు ఉదయాన ఇంజిన్ అరవై డిగ్రీల చుట్టూనే తచ్చాడుతూ ఉంటుంది. కంప్యూటర్ దృష్టిలో అది ఇంకా వేడెక్కని ఇంజిన్. అందుకని పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, సరిగా కాలని పెట్రోలు ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. పైగా అసలు లోపం అలాగే మిగిలిపోతుంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ లేకపోతే కూలెంట్ బైపాస్ దారి మూసుకోక, కొంత భాగం రేడియేటర్‌కు వెళ్లకుండానే తిరిగి వచ్చి, ట్రాఫిక్‌లో వేడి ఇంకా పెరుగుతుంది. వేడిని తగ్గించడానికని తీసేసిన భాగమే వేడిని పెంచుతుందన్న మాట.

ఇప్పుడు మా బాబాయి గారి కారు సంగతి చెబుతాను. గ్రాఫు చదవడం వల్ల ఏమి తెలుస్తుందో దానికంటే బాగా చూపించే ఉదాహరణ నాకు ఇంకొకటి లేదు. అది చిన్న పెట్రోలు కారు, ఉష్ణోగ్రత ముల్లు లేదు. చల్లగా ఉన్నప్పుడు నీలి దీపం, మితిమీరి వేడెక్కినప్పుడు ఎర్ర దీపం, మధ్యలో ఏమీ లేదు. ఆయన చెప్పిన లక్షణాలు మూడు. హైవే మీద ఏసీ చక్కగా చల్లబరుస్తుంది గానీ సిగ్నల్ దగ్గర ఆగితే వేడి గాలి వస్తుంది. అప్పుడప్పుడూ ఫ్యాను ఉన్నట్టుండి పెద్ద హోరుతో మొదలవుతుంది. ఊళ్లో తిరిగి టీ తాగడానికి కాసేపు ఆపి మళ్లీ స్టార్టు చేస్తే ఎర్ర దీపం వెలిగి, కొంతసేపటికి ఆరిపోతుంది. ఒక గ్యారేజీలో అప్పటికే కూలెంట్, థర్మోస్టాట్ మార్చారు, ఏసీ గ్యాస్ కూడా నింపారు. ఇక రేడియేటర్ మార్చాలని చెప్పిన దశలో ఆయన నాకు ఫోను చేశారు.

ఉదయాన్నే చూస్తే గాలికి, కూలెంట్‌కు ఒక్క డిగ్రీ తేడా మాత్రమే ఉంది; సెన్సరును నమ్మవచ్చు. వేడెక్కేటప్పుడు 85 దగ్గర ఆ చిన్న వంపు కనిపించింది, థర్మోస్టాట్ మంచిదే. బయటి రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో నడిపితే గ్రాఫు 88, 90 మధ్య గీత గీసినట్టు నిలిచింది. ఈ మూడో సంగతి చాలా విలువైనది. రేడియేటర్ లోపల పూడిపోయి ఉంటే, లేదా పంపు బలహీనపడి ఉంటే, ఇంజిన్ ఎక్కువ శ్రమపడే ఆ వేగంలోనే ఉష్ణోగ్రత పెరగాలి. అక్కడ నిలకడగా ఉండి, ఆగినప్పుడు మాత్రమే పెరుగుతోందంటే లోపించినది కూలెంట్ ప్రవాహం కాదు, గాలి. వేగంగా వెళ్లే కారుకు గాలి దానంతట అదే దొరుకుతుంది; నిలబడిన కారుకు ఫ్యాను మాత్రమే దిక్కు. రేడియేటర్ మార్చాల్సిన అవసరం లేదని నాకు అక్కడే తేలిపోయింది.

కారును నీడలో ఆపి, ఏసీ కట్టేసి, ఐడ్లింగ్‌లో (బండి కదలకుండా ఇంజిన్ మాత్రం నడిచేలా) వదిలాము. అంకె నెమ్మదిగా ఎక్కుతోంది. 93, 95, 97. ఈ కారులో ఫ్యానుకు రెండు వేగాలున్నాయి. 97 దగ్గర తక్కువ వేగంతో తిరగడం మొదలవ్వాలి. కంపెనీ డేటా చదివే స్కానర్‌లో ఆ క్షణాన ‘ఫ్యాను, తక్కువ వేగం: ఆన్’ అని మారింది. కానీ బానెట్ కింద ఏ చప్పుడూ లేదు. వోల్టేజీ గ్రాఫు కూడా చెక్కుచెదరకుండా 14.1 దగ్గరే ఉంది. ఫ్యాను మోటారు చాలా కరెంటు లాగే వస్తువు; అది నిజంగా తిరిగితే వోల్టేజీ గీత మీద ఒక గంటు పడి తీరాలి. ఉష్ణోగ్రత 100 దాటింది, 102 దాటింది, 104 చేరగానే ఫ్యాను పూర్తి వేగంతో హోరున అందుకుంది, వోల్టేజీ ఒక్కసారి 13.4కు పడి మెల్లగా కోలుకుంది. 97కు దిగగానే ఫ్యాను ఆగింది, మళ్లీ ఎక్కడం మొదలయింది. తెర మీద గ్రాఫు రంపపు పళ్లలా తయారైంది.

స్కానర్‌లో కనిపించే ‘ఆన్’ అన్నది ఇంజిన్ కంప్యూటర్ ఇచ్చిన ఆజ్ఞ మాత్రమే. ఆ ఆజ్ఞ అమలయిందో లేదో కంప్యూటర్‌కు తెలియదు, తెరకూ తెలియదు. ఆ తేడాను పట్టించినది వోల్టేజీ గీత. సాఫ్ట్‌వేర్ వాడే ప్రతి ఒక్కరూ ఈ అలవాటు చేసుకోవాలని నేను కోరుకుంటాను: కంప్యూటర్ చెప్పిన మాటకు దానితో సంబంధం లేని ఇంకొక సాక్ష్యం వెతకాలి. అది వోల్టేజీ కావచ్చు, చెవికి వినిపించే చప్పుడు కావచ్చు, హోస్ పైపు మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు చూపే అంకె కావచ్చు. (ఆ థర్మామీటరును మెరిసే అల్యూమినియం మీద పెడితే అసలు కన్నా తక్కువ చూపిస్తుంది, నల్లటి రబ్బరు మీద పెట్టాలి.)

ఇక మిగిలింది తక్కువ వేగం తాలూకు దారి. పూర్తి వేగం పనిచేస్తోంది కాబట్టి మోటారు మంచిదే. తక్కువ వేగానికి కరెంటు దాన్ని తగ్గించే ఒక రెసిస్టరు గుండా వెళ్తుంది. ఫ్యాను చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రానికి బిగించి ఉన్న చిన్న భాగం అది. బ్యాటరీ వైరు తీసి, ఇంజిన్ చల్లారాక, దాని రెండు కొనల మధ్య మల్టీమీటరు పెడితే ఒక ఓమ్ అటూఇటూగా చూపాల్సింది ఏమీ చూపలేదు. లోపలి తీగ కాలిపోయింది. ఫ్యూజు, రిలే బాగానే ఉన్నాయి. రెసిస్టరు ధర రేడియేటర్ ధరలో చాలా చిన్న భాగం. కొత్తది బిగించిన తరువాత 97 దగ్గర వోల్టేజీ మీద చిన్న గంటు పడింది, ఫ్యాను మెత్తగా తిరిగింది, గ్రాఫు 93, 97 మధ్య సన్నని అలగా మారింది.

ఆయన చెప్పిన మిగతా రెండు లక్షణాలకు కూడా జవాబు అందులోనే ఉంది. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రేడియేటర్‌కు ముందే ఉంటుంది, దానికీ అదే ఫ్యాను గాలి కావాలి. ఏసీ వేయగానే తిరగాల్సిన తక్కువ వేగం లేకపోవడంతో సిగ్నల్ దగ్గర వేడి గాలి వచ్చేది. టీ తాగి వచ్చాక ఎర్ర దీపం వెలగడానికి కారణం వేరు. 104 దగ్గర ఇంజిన్ ఆపేస్తే పంపు ఆగిపోతుంది, కానీ ఇనుములో నిలిచిన వేడి కూలెంట్‌లోకి దిగుతూనే ఉంటుంది. కాసేపటికి సెన్సరు దగ్గర ఇంకో పది డిగ్రీలు పెరుగుతాయి. 92 దగ్గర ఆపిన కారులోనూ అంతే పెరుగుతుంది గానీ ఎర్ర దీపం దాకా వెళ్లదు.

దీనికి ఎదురు తీరులో, ఊళ్లో బాగానే ఉండి హైవే మీదో, శ్రీశైలం ఘాట్ రోడ్డులోనో వేడెక్కే కార్లున్నాయి. వాటి గ్రాఫులో ఉష్ణోగ్రతను ఇంజిన్ లోడ్‌తో కలిపి చూడాలి. లోడ్ పెరిగిన కొద్దిసేపటికి వేడి పెరిగి, దిగుడులో తగ్గుతుంటే రేడియేటర్ చాలడం లేదన్న మాట. అయినా కొత్తది కొనేముందు కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య ఉండే సందులోకి టార్చిలైటు వేసి చూడాలి. వరికోతల కాలంలో పల్లె దారుల్లో తిరిగిన కార్లలో ఊక, దుమ్ము, పురుగులు కలిసి అక్కడ దుప్పటిలా పేరుకుపోతాయి, బయటి నుంచి కనిపించవు. లోపలి పూడికకు మన బోరు నీళ్లు పెద్ద కారణం. కూలెంట్ తగ్గినప్పుడల్లా ఉప్పు నీళ్లు పోస్తూ పోతే సున్నపు పొర గొట్టాల గోడలకు పట్టి వేడిని బయటికి పోనివ్వదు. డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంట్ తప్ప మరేదీ పోయకూడదు.

గ్రాఫు రెండు సెకన్లలో పదిహేను డిగ్రీలు ఎగిరి మళ్లీ పడిపోతే అది నిజమైన వేడి కాదు. కొన్ని లీటర్ల ద్రవం అంత త్వరగా వేడెక్కడం, చల్లారడం అసాధ్యం. సెన్సరు చుట్టూ గాలి బుడగ చేరి ఉండాలి, లేదా కనెక్టరు వదులై ఉండాలి. బుడగ తీసేసినా మళ్లీ మళ్లీ వస్తుంటే, బయట ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గుతుంటే, పొద్దున స్టార్టు చేయగానే ఒక సిలిండరులో పెట్రోలు సరిగా మండలేదనే మిస్‌ఫైర్ కోడ్ వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కు, కింది దిమ్మెకు మధ్య ఉండే సీలును) అనుమానించాలి. దాన్ని సాఫ్ట్‌వేర్ తేల్చలేదు. రేడియేటర్ మూతి దగ్గర గాలిని నీలి ద్రవం గుండా లాగే పరీక్ష ఒకటి ఉంది. ఇంజిన్‌లో కాలిన వాయువు కూలెంట్‌లో కలుస్తుంటే ఆ ద్రవం పసుపు రంగుకు మారుతుంది. హెడ్ విప్పించే ముందు ఆ పరీక్ష చేయమని తప్పకుండా అడగండి.

సాఫ్ట్‌వేర్‌ను గుడ్డిగా నమ్మితే ప్రాణం మీదికి, అంటే ఇంజిన్ ప్రాణం మీదికి వచ్చే సందర్భం ఒకటుంది. హోస్ పగిలి కూలెంట్ అంతా కారిపోయినప్పుడు సెన్సరు ద్రవంలో కాకుండా గాలిలో వేలాడుతుంది. లోపల హెడ్ మాడిపోతున్నా తెర మీద అంకె మామూలుగానే, ఒక్కోసారి తగ్గుతున్నట్టుగానే కనిపించవచ్చు. ఆవిరి వాసన వచ్చినా, ఇంజిన్ లాగడం తగ్గి టకటకమన్నా, అంకె ఎంత చూపుతోందన్నది పక్కన పెట్టి బండి ఆపేయాలి. వేడిగా ఉన్నప్పుడు మూత తీయకూడదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. మూత లోపల దాదాపు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది కాబట్టి నూరు దాటినా కూలెంట్ మరగకుండా ఉంటుంది. మూత వదులు చేసిన మరుక్షణం అది భగ్గున మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది.

మరమ్మతు ఏదైనా, అయిపోయాక బండి తీసుకునే ముందు మీ సొంత అడాప్టరుతో ఒకసారి రికార్డు చేయండి. కూలెంట్ దింపి నింపిన పనయితే గాలి పూర్తిగా పోయేలా బ్లీడింగ్ చేశారా అని అడిగి, హీటరు వేసి చూడండి. గ్రాఫు మామూలుగా ఉన్నా హీటరు చల్లగాలి ఇస్తుంటే గాలి ఇంకా లోపలే ఉంది. చల్లని స్టార్టు నుంచి థర్మోస్టాట్ వంపు దాకా, అక్కడి నుంచి కాస్త రోడ్డు మీద, చివర ఏసీ వేసి నిలబెట్టి ఫ్యాను మొదలై ఆగే దాకా ఒకే ఫైలుగా దాచుకోండి. మీ కారులో ఫ్యాను ఏ అంకె దగ్గర మొదలవుతుందో, హైవే మీద గీత ఎక్కడ నిలుస్తుందో ఆ ఫైలులో ఉంటుంది. వచ్చే ఏడాది అదే రోడ్డులో ఆ గీత ఐదారు డిగ్రీలు పైకి జరిగిందంటే, ఎర్ర దీపం వెలగక ముందే రేడియేటర్ సంగతి చూసుకోవచ్చు.